పటేలు ఇంటి ముందర నలభై అడుగులు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో మగవాడు ఒంటికి నూనె రాసుకోవాలంటే శనివారం తలంటు నాడే రాసుకోవాలి. మిగతా ఆరు రోజులూ ఎండకు మాడి, దుమ్ము కొట్టుకుని, మడమలు పగిలి, వీపు పొట్టు లేచి తిరిగితేనే వాడు మగవాడని లెక్క. ఈ లెక్క ఎవరు పెట్టారో నాకు తెలియదు గానీ, తొంభై ఏళ్ళు దాటిన ఈ వయసులో కూడా నేను దాన్ని ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి.

బాగేపల్లి నుంచి చింతామణికి పోయే దారిలో, రాతిగుట్టల నడుమ మాది ముప్పై గడపల ఊరు. రాగి, వేరుసెనగ తప్ప పెద్దగా ఏమీ పండని నేల. నాకు నాలుగైదేళ్ళ వయసప్పుడు మా నాయన మెడ మీద గోరంత తెల్లమచ్చ లేచింది. ఏడాది తిరిగేసరికి అది నుదుటికీ, దవడలకూ, చెవుల వెనక్కీ, ముంజేతులకూ పాకింది. బొల్లి అన్నారు. అది అంటుకునే జబ్బు కాదు, దానివల్ల నొప్పీ లేదు. చిక్కంతా ఎండతోనే. ఆ తెల్లటి చోట్ల ఒక గంట ఎండ పడితే చాలు, చర్మం ఎర్రగా కమిలి సాయంత్రానికి బొబ్బలెక్కేది. చేనుపని చేసి బతికేవాడు ఎండకు ఎక్కడని దాక్కుంటాడు?

దారి చూపించింది మా అవ్వ, అంటే నాయన తల్లి. పొద్దున్నే అంబలి తాగకముందే కొడుకును అరుగు మీద కూర్చోబెట్టి మొహానికీ మెడకూ చేతులకూ నువ్వులనూనె పట్టించేది. తడిపిన తంగేడాకు గుప్పెడు నడినెత్తిన పరిచి, దాని మీద తలగుడ్డ చుట్టించేది. అట్లా చుడితే మధ్యాహ్నం దాకా మాడు చల్లగా ఉంటుంది. ఊళ్ళో మగవాళ్ళు గోచీ పంచెతో చేనికి పోతుంటే మా నాయన మాత్రం నిండు చేతుల చొక్కా తొడుక్కుని పోయేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే పెసరపిండితో ఒళ్ళు కడుక్కుని, కమిలిన చోట వెన్నపూస రాసుకునేవాడు. మెడ వెనకాలా చెవుల వెనకాలా ఆయనకు కనబడవు కాబట్టి అక్కడ రాయడం నా పని. నాకు ఆ పని చాలా ఇష్టంగా ఉండేది.

చావడి దగ్గర కూర్చునే మగవాళ్ళకు ఇదంతా పెద్ద వేడుక. కొత్త పెండ్లికూతురు చేనికి పోతాండాదని ఒకడంటే, పసుపు రాయడం మరిచిపోయినారని ఇంకొకడు అనేవాడు. మా నాయన కోపం తెచ్చుకునేవాడు కాదు. పెండ్లికూతురికి సారె యాడప్పా అని వాళ్ళనే అడిగి, నవ్వుతూ తన దారిన తాను పోయేవాడు. ఆయనకు లేని సిగ్గు నాకుండేది. ఇస్కూల్లో పిల్లలు మీ నాయన ఈ రోజు ఏ నూనె పూసుకున్నాడని అడిగితే నాకు తల కొట్టేసినట్టు ఉండేది. ఇంట్లో ఇష్టంగా చేసే పని వీధిలోకి వచ్చేసరికి నాది కాదన్నట్టు నడుచుకునేదాన్ని.

నా తొమ్మిదో ఏట మా మేనమామ బెంగుళూరు నుంచి నాయనకు ఒక నల్లగొడుగు తెచ్చిచ్చాడు. మా వీధిలో గొడుగు ఉండడం అదే మొదలు. దానితో సుఖమూ వచ్చింది, చిక్కూ వచ్చింది. మా వీధి నుంచి చేలకు పోవాలంటే ఊరి పటేలు ఇంటి ముందర నుంచే పోవాలి. ఆ ఇంటి అరుగు ఈ కొస నుంచి ఆ కొస దాకా నలభై అడుగులు. అక్కడికి రాగానే మా బోటివాళ్ళు చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి, తలగుడ్డ తీసి భుజాన వేసుకోవాలి, గొడుగుంటే మడిచి చంకన పెట్టుకోవాలి. అదే మర్యాద. నలభై అడుగులే కదా అని మీరనుకోవచ్చు. పటేలుకు తోచనప్పుడు అరుగు మీద నుంచి పిలిచి, వానల సంగతీ ఎద్దుల సంగతీ అడుగుతూ మనిషిని ఎండలోనే నిలబెట్టేవాడు. ఆయన ఆకూవక్కా నమిలి ఉమ్మేదాకా అవతలివాడు నెత్తి కాల్చుకుంటూ నిలబడాల్సిందే.

ఆ వేసవిలో ఒకనాడు తాలూకా అధికారి అమల్దారు వస్తున్నాడని, ఇంటికొక మగవాడు పటేలు ఇంటి ముందరకు రావాలని తలారి చాటింపు వేశాడు. మా నాయన చొక్కా తొడుక్కుని, తలగుడ్డ చుట్టుకుని, ఈ రోజు నేను గొడుగు మడిచేది లేదమ్మా అని అవ్వతో చెప్పి బయలుదేరాడు. అవ్వ సరేనంది. మజ్జిగ చెంబు పట్టుకుని నేను ఆయన వెంట పోయాను.

అప్పటికే పదిహేను ఇరవై మంది ఉత్త తలలతో వరసగా నిలబడి ఉన్నారు. మా నాయన గొడుగు విప్పుకునే పోయి ఆ వరసలో నిలబడ్డాడు. అందరి తలలూ ఇటు తిరిగాయి. అరుగు మీద పటేలు మనవరాలు ఉంది, నాతో కలిసి చదువుకునే పిల్ల. అది నన్నే చూస్తోంది. నాకు అప్పుడు కలిగింది భయమో సిగ్గో ఇప్పటికీ తేల్చుకోలేను. నాయన చొక్కా పట్టుకుని లాగాను.

"నాయనా, మడిచెయ్ నాయనా. అందరూ చూస్తాండారు."

ఆయన నా మొహంలోకి చూశాడు. గొడుగు మడిచాడు. తలగుడ్డ కూడా తీశాడు. తంగేడాకులు జలజలా రాలి భుజాల మీద పడ్డాయి. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు, అరుగు మీద ఉన్నవాళ్ళు నవ్వారు. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ దాచిపెట్టి లాభం లేదు, నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను.

అమల్దారు మోటారు పొద్దు నడినెత్తికి వచ్చాక వచ్చింది. ఆయన అరుగు మీది నీడలో కూర్చుని, కన్నడంలో నాలుగు మాటలు చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ నాలుగు మాటల కోసం మా నాయన నుదురూ మెడా పొద్దుటి నుంచీ ఎండలో కాలుతూనే ఉన్నాయి.

సాయంత్రానికి మెడ వెనకాల చర్మం ఉబ్బి నీళ్ళు పట్టింది. రోజూలాగే వెన్నపూస గిన్నె తీసుకుని వెళ్ళాను గానీ వేలు ఆనించడానికి చోటు లేదు. ఊపిరి తగిలినా ఆయన ఒళ్ళు జలదరిస్తోంది. మడవనని చెప్పిపోయి ఎందుకు మడిచినావని అవ్వ అడిగింది. బిడ్డ అడిగింది, మడిచినా అన్నాడు నాయన, అంతే. ఆ గొంతులో నిష్ఠూరం ఇసుమంత కూడా లేదు. ఉండి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. నాలుగు రోజులు ఆయన తడిగుడ్డ కప్పుకుని బోర్లా పడుకునే ఉన్నాడు. నేను గుడ్డ తడపడం తప్ప ఇంకేమీ చెయ్యలేకపోయాను.

అయిదో రోజు లేచి, నూనె రాయించుకుని, గొడుగు తీసుకున్నాడు. నేను మునుపటిలా వెనక్కి తగ్గకుండా పక్కనే నడిచాను. పటేలు ఇంటి ముందరకు వచ్చినా గొడుగు మడవలేదు, తలగుడ్డ తీయలేదు. పటేలు పిలిచి, ఏమిరా, కళ్ళు నెత్తికెక్కినాయా అని అడిగాడు. మా నాయన ఆగి, చెప్పులు విడిచి, గొడుగు పిడిని భుజానికి ఆనించుకుని రెండు చేతులూ జోడించాడు.

"మర్యాద నోటితో ఇస్తాను, చేతులెత్తి ఇస్తానప్పా. నా తోలు మాత్రం ఇయ్యలేను. అది నాకు ఒకటే ఉండాది."

పటేలు కన్నెత్తి తలారి వైపు చూశాడు. తలారి దిగివచ్చి గొడుగు లాక్కుని మొండిగోడకేసి నాలుగు దెబ్బలు కొట్టాడు. గుడ్డ పీలికలైపోయింది. కొట్టినవాడు మా వీధివాడే, మా ఇంట్లో అన్నం తిన్నవాడే. మా నాయన ఊచలు ఏరుకుని, చెప్పులు తొడుక్కుని, తలగుడ్డ అట్లాగే ఉంచుకుని ఇంటికి వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం అటక మీద విస్తర్ల కోసం దాచిన ముత్తుగ ఆకులను అవ్వ కిందికి దించింది. వంగిన ఊచలను నాయన సరిచేసి కట్టాడు. అవ్వా నేనూ కూర్చుని ఈనెపుల్లలతో ఆకుకు ఆకు కలిపి ఊచల మీద కుట్టాం. నాకు కుట్టు సరిగా రాదు. ఆకులు చిరిగేవి, పుల్లలు వేళ్ళలో దిగేవి. అవ్వ నేను కుడతానులే అన్నా నేను వదల్లేదు. నేను చేసిన తప్పుకు అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. పొద్దుగుంకేసరికి మడవడానికి వీల్లేని ఒక పెద్ద ఆకుగొడుగు తయారైంది.

మర్నాడు ఆ గొడుగు కింద నాయనా నేనూ బయలుదేరాం. ఆకులు గలగలమంటుంటే వీధంతా బయటికి వచ్చి చూసింది. పటేలు అరుగు మీద నలుగురైదుగురు ఉన్నారు. అదేమిరా అన్నాడు పటేలు. నాయన నోరు తెరిచేలోగా నేను తెలివి చూపించబోయాను.

"విస్తరి అప్పా. గొడుగు కాదు."

అరుగు మీద ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. పటేలు పెదవులు కూడా కదిలాయి. సరేలే పో అనబోతున్నాడని నాకు తెలిసిపోయింది. గండం గడిచిందని సంబరపడ్డాను. అప్పుడు నాయన నా తల మీద చెయ్యి వేశాడు.

"బిడ్డ తెలీక చెప్పింది. ఇది గొడుగే అప్పా. రేపు కూడా ఇట్లే వస్తాను."

నవ్వులు ఆగిపోయాయి. నాయన నా తల మీద చెయ్యి తీయకుండానే నడిచాడు, నేనూ నడిచాను. మిగిలిన అడుగులు లెక్కపెట్టాను, ఇరవై ఆరు. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. ఆ కొసకు చేరాక తిరిగి చూస్తే పటేలు లేచి లోపలికి పోతున్నాడు.

చేను గట్టు మీద కూర్చున్నాక అడిగాను, ఆయన వదిలేయబోతుంటే గొడుగని ఎందుకు చెప్పినావని. నాయన నాకు తెలిసేటట్టు చెప్పాడు. విస్తరి అంటే ఈ రోజుకు గడుస్తుంది, రేపటికి ఇంకో పేరు వెతుక్కోవాలి, ఎల్లుండికి మరొకటి. నా ఒళ్ళు కాలకుండా చూసుకోవడానికి రోజుకొక అబద్ధం ఎందుకు, నేనేం దొంగతనం చేస్తాండానా అన్నాడు. ఆ తర్వాత రాగి సంగటి ముద్ద విరిచి నాకు సగమిచ్చాడు.

పటేలు ఊరికే ఉండలేదు. మంగలి మా ఇంటికి పోకూడదని కట్టడి చేయించాడు. ఏడాదిపాటు మా నాయనకు క్షవరం లేదు. గడ్డం గుబురుగా పెరిగి దవడల మీది తెల్లమచ్చలను కప్పేసింది. పటేలు పుణ్యమా అని చెంపలకు నూనె ఖర్చు తగ్గిందని అవ్వ వీధిలో అందరికీ వినబడేటట్టు అనేది. మరుసటి వేసవిలో మా వీధివాళ్ళు ఇద్దరు తలగుడ్డ తీయకుండా ఆ నలభై అడుగులూ నడిచారు. ఇద్దరే. మిగతావాళ్ళు ఇంకా చాలా ఏళ్ళు తీస్తూనే ఉన్నారు.

ఇప్పుడు నేను చిక్కబళ్ళాపురంలో మనవడి దగ్గర ఉంటున్నాను. వాడి ఉద్యోగం రోజంతా మోటారుసైకిలు మీద ఊళ్ళు తిరిగేది. మొన్న గుమ్మంలో నిలబడి మొహానికీ మెడకూ ఎండ నుంచి కాపాడే క్రీము పూసుకుంటుంటే, వాడి స్నేహితులిద్దరు వచ్చి పెండ్లిచూపులకు పోతాండావా అని ఆట పట్టించారు. వాడు నీళ్ళు నమిలి, డాక్టరు రాసిచ్చినాడప్పా, ఏదో అలర్జీ అన్నాడు. ఏ డాక్టరూ వాణ్ణి చూడలేదు. ఏ అలర్జీ లేదు. నేను కుర్చీలో నుంచి లేవలేను గానీ నా గొంతుకు ఇంకా ఏమీ కాలేదు. ముగ్గురినీ లోపలికి పిలిచాను. ఏ డాక్టరురా, ఎప్పుడు రాసిచ్చినాడురా అని ఆ స్నేహితుల ముందరే అడిగాను. నీ మొహం కాలకుండా నువ్వు చూసుకోవడానికి వీళ్ళకు చీటీ చూపించాలా అన్నాను. పూసుకుంటాండాను అని చెప్పు, అక్కడితో ఆపు, ఎందుకని అడిగితే ఇంకొంచెం పూసుకో అన్నాను. మా ఇంట్లో సాకు చెప్పడం ఆకుగొడుగు నాడే ఆగిపోయింది. నా ప్రాణం ఉండగా దాన్ని మళ్ళీ మొదలుపెట్టనివ్వను.