ముల్లు గుచ్చినా ఏడవని పిల్ల

నిజాం పాలన పోయిన కొత్తలో మాట. మాది ఖానాపూర్ దగ్గర పల్లె. నాకు ఏడెనిమిదేళ్లు. మోచేయి గీరుకుపోయి పక్కు కట్టింది. అది రాలిపోయాక తెల్లమచ్చ మిగిలింది. దీపం పెట్టినా కనిపించనంత నల్లదాన్నని నాకు పేరు. ఆ మచ్చ మాత్రం వీధి చివరికీ కనిపించింది.

పెద్దరోగమేమోనని గుసగుసలు మొదలయ్యాయి. ఆ రోగముంటే ఒంటికి నొప్పి తెలియదంటారు. అందుకని మా పెద్దబాపు నన్ను అందరి ముందు కూర్చోబెట్టి, మచ్చ మీద తుమ్మముల్లు గుచ్చాడు.

"నొస్తున్నదా బిడ్డా?"

ప్రాణం పోయినంత పనైంది. ఏడిస్తే తోటి పిల్లలు నవ్వుతారని పళ్లు బిగబట్టి, "జర సుత నొస్తలేదు" అన్నాను. శభాష్ అంటారనుకున్నాను. అందరూ లేచి దూరం జరిగారు. నొచ్చిందని తర్వాత ఎంత మొత్తుకున్నా, "భయానికి అబద్ధమాడుతున్నది" అన్నారు.

నా పడక, కంచం పశువుల కొట్టంలోకి మారాయి. దూరాన కుష్ఠు ఆసుపత్రిలో వదిలి రావడానికి బండి మాట్లాడారు. బయలుదేరే పొద్దున, ఎవరు వద్దన్నా వినకుండా నన్ను కన్న అవ్వ నాకు తల దువ్వడానికి కూర్చుంది. దువ్వుతూ దువ్వుతూ, చెప్పకుండా మచ్చలో ముల్లు దించింది. నా కేకకు వాడంతా పరుగెత్తుకొచ్చింది.

"ఇన్నరా? నా బిడ్డకు నొచ్చింది!" అని అవ్వ ఏడుస్తూనే నవ్వింది.

బండి వెనక్కి పోయింది. కొన్ని నెలలకు మచ్చ నిండా నా పాత నలుపు తిరిగొచ్చింది. నలుపు కోసం అంతగా ఎదురుచూసిన ఆడపిల్లను నేనొక్కదాన్నేనేమో! నాతో ఆడుకోవడానికి మాత్రం ఆ వాడ పిల్లలెవరూ మళ్లీ రాలేదు.