పదకొండు మంది పైలట్లకు స్వీటీ టీచర్

హైదరాబాద్ పాతబస్తీ ఛత్రినాకలో తెలుగు మీడియం బడిలో చదువుకున్న స్వీటీ, యుద్ధంలో దేశం పోగొట్టుకున్న పైలట్లకు పాఠం చెప్పడానికి యూరప్ వెళ్ళింది. పైలట్లు కంట్రోల్ టవర్‌తో రేడియోలో ఇంగ్లీషు ఎలా మాట్లాడాలో నేర్పడమే పదేళ్ళుగా ఆమె ఉద్యోగం.

తరగతిలో పదకొండు మంది, అందరూ సరిహద్దు దాటి వచ్చిన సైనికులే. ఆశ్రయమిచ్చిన పొరుగు దేశం, తిరిగి పోరాడడానికి వాళ్ళకు విమానాలిస్తానంది, కాని ముందు రేడియో ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలంది. వాళ్ళలో పెద్దవాడు కెప్టెన్ అలిక్. ఇరవై రెండేళ్ళు విమానం నడిపినవాడు. స్వీటీ ఏం చెప్పినా "అర్థమైంది" అనేవాడు.

ఒకరోజు కంప్యూటర్ మీద అభ్యాసంలో, కంట్రోల్ టవర్‌గా ఆమె ఆరు వేల అడుగులకు దిగమంది. అతను "అర్థమైంది" అంటూ మూడు వేలకు దిగాడు. తెర మీద విమానం కొండను ఢీకొంది.

"మళ్ళీ చెప్పమని ఎందుకు అడగలేదు?" అంది స్వీటీ.

అతను వెనక కూర్చున్నవాళ్ళ వైపు చూశాడు. "వీళ్ళంతా నా కింద పనిచేసినవాళ్ళు" అన్నాడు గొంతు తగ్గించి. మర్నాడు క్లాసుకు రాలేదు.

ఆ సాయంత్రం తల్లి మాణిక్యమ్మ ఫోన్ చేసింది.

"లడాయి మీ దిక్కే వస్తుందని టీవీల చెప్తున్నరు. వాపస్ వచ్చెయ్ బిడ్డా."

"ఫికర్ చెయ్యకమ్మా. ఒకాయన మొండికేసిండు. ఆయన పాస్ గాకుంట నేను రాను."

"ఏమైందట ఆయనకు?"

"సిగ్గుపడుతున్నడు. కాలేజీల నేను నోరు తెరువకుంట కూసున్న జూడు, గట్ల."

"మస్తు ఏడ్సినవ్ అప్పుడు. గదే చెప్పు ఆయనకు."

మర్నాడు స్వీటీ అతని గదికే వెళ్ళింది. కాలేజీలో లెక్చరర్ ఇంగ్లీషు అర్థంకాక అన్నిటికీ తలూపి, మొదటి ఏడాది మూడు సబ్జెక్టులు తప్పిన సంగతి చెప్పింది. "నేను మళ్ళీ రాసి పాసయ్యాను. ఆకాశంలో తప్పితే మీకు రెండో పరీక్ష ఉండదు."

అలిక్ బూట్లు వేసుకున్నాడు. ఆమె వెంట క్లాసుకు నడిచాడు.

ఆ రోజు నుంచి ఆమె, మళ్ళీ అడగక తప్పకుండా రేడియోలో కావాలనే గరగర శబ్దం పెట్టి, రోజూ రెండు గంటలు ఎక్కువ చెప్పింది. అర్థంకాని ప్రతిసారీ అతను మళ్ళీ చెప్పమని పైకే అడిగాడు. వారం తిరిగేసరికి మిగతావాళ్ళూ అడగసాగారు. అన్నాళ్ళూ వాళ్ళదీ అదే అవస్థ అని అప్పుడు తెలిసింది.

తొమ్మిది మంది మొదటిసారే నెగ్గారు, ఒకరు రెండోసారి. అలిక్ మూడోసారి నెగ్గి, ఫలితం చూసుకుని స్వీటీకి సెల్యూట్ చేశాడు. రెండు రోజుల్లో అందరూ వైమానిక స్థావరానికి వెళ్ళిపోయారు.

సోమవారం సరిహద్దు దాటి మరో పందొమ్మిది మంది పైలట్లు వచ్చారు. స్వీటీ ఇంటికి వెళ్ళడానికి తీసుకున్న టికెట్ రద్దు చేసుకుని తరగతిలోకి నడిచింది.