అలుగు బొరియ ఆచూకీ

ఎనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఉంది. మింగలేదు, కక్కలేదు. ఎవరికైనా చెప్పాలనుకున్న ప్రతిసారీ ముందు నన్ను సమర్థించుకోవడానికి నాలుగు కారణాలు వెతికేదాన్ని. అవి దొరికాక ఇక చెప్పబుద్ధయ్యేది కాదు. ఈరోజు కారణాలు లేకుండా చెబుతాను. మీరెవరో నాకు తెలియదు కనుకే చెప్పగలుగుతున్నానేమో.

మాది సిరిసిల్ల. నాన్న మరమగ్గాల మీద పనిచేసేవాడు. యూనివర్సిటీలో సహజ వనరుల సంరక్షణ కోర్సులో చేరితే, చెట్ల గురించి చదివితే ఏం కొలువొస్తుందని చుట్టాలు నవ్వారు. తర్వాత జరిగినదానికీ ఆ నవ్వుకూ సంబంధం ఉందా? ఉందనే అనుకునేదాన్ని. కాదు, అది కూడా నేను వెతుక్కున్న కారణమే. వదిలేస్తాను.

చివరి ఏడాది ప్రాజెక్టుకు బీర్పూర్ వైపు అడవిని ఎంచుకున్నాను. జగిత్యాలలో గది తీసుకుని పొద్దున్నే బస్సెక్కేదాన్ని. అక్కడే మేకలు కాసే నర్సయ్య పరిచయమయ్యాడు. అరవై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేవాడు. కాకా అని పిలిచేదాన్ని. నేను పుస్తకంలో చూసి చెట్టు పేరు చెబితే ఆయన ఆకు నలిపి వాసన చూపించి దాని అసలు పేరు చెప్పేవాడు. నెల రోజులు నన్ను గమనించి, ఒకనాడు రాళ్ళ వెనక ఉన్న బొరియ దగ్గరికి తీసుకుపోయాడు.

అలుగు ఉండే బొరియ. చెరువు అలుగు కాదు. ఒళ్ళంతా పెంకులున్న జంతువు. చీమలూ చెదలూ తిని బతుకుతుంది, భయమేస్తే బంతిలా చుట్టుకుంటుంది. ఆ పెంకుల కోసమే దాన్ని చంపుతారు. ఆ చోటు సంగతి ఆయన ఊళ్ళో ఎవరికీ చెప్పలేదట. దాని గురించి చదువుతున్నాను కనుక నాకు చూపించాడు.

మొదటి వారం పాఠాల్లోనే మా సార్ చెప్పారు: జంతువు కనబడితే రాసుకోండి, జాగా మాత్రం బయట పెట్టకండి. అది నా నోట్సులో నా చేతిరాతతోనే ఉంది.

జగిత్యాలలో ఒక ఫొటోల ప్రదర్శనలో కోరుట్ల మనిషి ఒకాయన కలిశాడు. మెడలో కెమెరా, మెత్తటి మాట. నా పనిని అంత శ్రద్ధగా విన్నవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు. మొదటి రెండుసార్లు ఆయన ఏమీ అడగలేదు. మూడోసారి, అలుగును ఫొటో తీస్తే కింద నా పేరు కూడా వేయిస్తానన్నాడు. నా పేరు. సారంగాపూర్‌లో బస్సు ఆగి ఉన్నప్పుడు ఫోన్లోంచి బొరియ లొకేషన్ పంపాను. బస్సు నిండేలోపే అయిపోయిన పని అది.

ఆయన చూసినట్టు ఫోన్లో గుర్తు కనిపించింది. జవాబు రాలేదు. మర్నాటికి ఆయన ఫోన్ స్విచ్ ఆఫ్.

వారం రోజులు నేను అడవికి పోలేదు. జ్వరమని చెప్పుకున్నాను. జ్వరం లేదు. మరి ఎందుకు పోలేదు? అక్కడ ఏం కనబడుతుందో నాకు తెలుసా? తెలియదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. తెలుసనే ఇప్పుడు అనిపిస్తోంది.

పోయేసరికి బొరియ లేదు. గడ్డపారతో తవ్విన పెద్ద గుంత ఉంది. దాని చుట్టూ మట్టి నల్లగా మాడి, అలుగును బయటికి రప్పించడానికి పెట్టిన మిరపకాయల పొగ వాసన ఇంకా కొడుతోంది. గోరంత పెంకులు రెండు మట్టిలో కనిపించాయి. చిన్న పెంకులు. లోపల పిల్ల కూడా ఉందన్నమాట.

నేనెవరికీ చెప్పకముందే ఎవరో చెప్పారు. మర్నాడు అటవీ శాఖ వాళ్ళు వచ్చారు. నర్సయ్యను ఆ గుంత దగ్గర నిలబెట్టారు. నన్ను పిలిచారు.

"గీ జాగ ఎవలెవలికి ఎరుకమ్మా?" అన్నాడు అధికారి.

"కాకకెరుక సార్. నాకెరుక."

"నువ్వెవలికన్న చెప్పినవా?"

కాక నా వైపు చూస్తున్నాడు. కోపంగా కాదు. ఎదురుచూస్తున్నట్టు.

"లేదు సార్. ఎవ్వలకు చెప్పలే."

కాక తల దించుకున్నాడు. ఆయన ఇంటి దగ్గర గడ్డపార దొరికిందన్నారు. గడ్డపార లేని ఇల్లు ఆ ఊళ్ళో ఉందా? నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. జీపెక్కించారు. ఎక్కేముందు మేకలను ఎవరికి అప్పజెప్పాలా అని ఆయన చుట్టూ చూశాడు. నేను ముందుకు పోలేదు.

రెండు నెలలు జైలు. తర్వాత బెయిలు, జగిత్యాల కోర్టులో వాయిదాల మీద వాయిదాలు. మేకలు అమ్ముకున్నాడు. ఊళ్ళో ఆయనకు అలుగు దొంగ అని పేరు పడింది. నాకు క్లాసులో మొదటి స్థానం వచ్చింది. ఇప్పుడు కోరుట్లలో పిల్లలకు అదే పాఠం చెబుతున్నాను. జాగా బయట పెట్టకండి అనే చోటికి వచ్చేసరికి బోర్డు వైపు తిరిగిపోతాను.

కిందటి వానాకాలం నర్సయ్య కాక పోయాడు. మనిషి పోతే కేసు మూసేస్తారు. నిర్దోషి అని ఎవరూ రాయరు. పదకొండో రోజు పోయాను. ఆయన భార్య రాజవ్వ నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"గా కెమెరాలాయిన అచ్చినప్పుడు మీ కాకనే తొవ్వ చూపెట్టిండు బిడ్డా. నువ్వే పంపినవని ఫోన్ల చూపెట్టిండట."

 నేను అడిగాను. "మరి సార్లకెందుకు చెప్పలే అవ్వా?"

"నువ్వు చెప్తవని చూసిండు. నువ్వు చెప్పకపోతివి. ఆడిపిల్ల సదువు ఖరాబైతదని ఊకున్నడు."

అప్పుడు చెప్పాను. ఆ మనిషికి జాగా చెప్పింది నేనేనని, సార్ల ముందు అబద్ధమాడానని. 

"గీ మాట ఆయిన ఉన్నప్పుడు చెప్పాలె బిడ్డా," అని రాజవ్వ లేచి లోపలికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

క్షమించమని నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ బరువు కూడా ఆమె మీదే పడేది. నిన్న అటవీ శాఖకు అంతా రాసి, కింద సంతకం పెట్టి పంపాను. కొలువు ఉంటుందో పోతుందో తెలియదు. భయంగానే ఉంది. కానీ ఆ మాట ఇక గొంతులో లేదు, కాగితం మీద ఉంది. ఆ అలుగును, దాని పిల్లను పట్టించింది నర్సయ్య కాదు. నేను.