వంకాయరంగు చీర పక్కన మానిటర్

తమిళనాడు ధర్మపురిలో పెళ్లి వీడియోలకు రంగులు సరిదిద్దడం నా పని. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "పెళ్లికూతుర్ని కొంచెం తెల్లగా చెయ్యప్పా." వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. నా పాత మానిటర్‌కైతే ఆ మాట చెప్పే పని కూడా ఉండేది కాదు. దాని వెలుగులో అందరూ సున్నం కొట్టిన గోడల్లా కనబడేవాళ్లు.

దానిమీదే ఒకరోజు మా అక్క పెళ్లి వీడియో పెట్టాను. అమ్మ పోయాక పుట్టిన అక్క కూతురు, అవ్వను చూడటం అదే మొదలు. చూసి, తన చెయ్యి చూసుకుంది.

"అవ్వ తెల్లగా ఉంది. నేనొక్కదాన్నే నల్లగా పుట్టినా."

నా ప్రాణం చివుక్కుమంది. అమ్మ తెలుపా! ఎండలో ఆవుల వెంట తిరిగిన, నిగనిగలాడే నల్లటి మనిషి మా అమ్మ. ఆ రంగును ఈ పాడు డబ్బా మింగేసిందని ఒళ్లు మండిపోయింది.

మర్నాడే అక్కతో కలిసి బస్టాండు దగ్గరి అంగడికి పోయాను. పెద్ద స్టూడియోలు వాడే మానిటర్ల వైపు చూసే స్తోమత నాకు లేదు. తక్కువ ధరలోనే, రంగు దగ్గర అబద్ధమాడనిది కావాలి. ఆ పెళ్లిలో అమ్మ కట్టిన వంకాయరంగు చీరను అక్క సంచిలో పెట్టుకొచ్చింది. వీడియో పెట్టి, చీర పక్కన పట్టి, ఏది కలిస్తే అది కొందామని మా ఎత్తు.

అంగడాయన ముందు ధగధగలాడేది చూపించాడు. తమిళంలో తెగ పొగిడాడు. చీర పట్టాము. అచ్చంగా కలిసింది. నేను సరేననబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"చీర సరిపోయిందిరా. అమ్మే సరిపోలే."

నిజమే, తెరమీద అమ్మ పౌడరు పూసినట్టుంది. అక్క చీరను దగ్గరగా చూసుకుని నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నేనే కదరా! అమ్మ గుర్తొచ్చినప్పుడంతా కట్టినా, ఉతికినా, ఎండేసినా. ఎలిసిపోయింది."

ఏడుస్తుందేమో అనుకున్నాను. లేదు. అక్కడే స్టూలుమీద కూర్చుని, చీర అంచు తిరగేసి, ఫాల్ కుట్టిన దారాన్ని పంటితో పటుక్కున తెంపింది. ఎండ తగలని ఆ కాస్త చోట చీర పెళ్లినాటి ముదురు వంకాయరంగులోనే ఉంది.

మూలనున్న, మెరుపులేని మానిటర్ పెట్టమన్నాను. "ఇది మబ్బుగా ఉంటుందండీ, ఎవరూ అడగరు," అన్నాడాయన. ఆ అంచును తెర పక్కన పట్టాము. కలిసింది. పక్కనే పసుపు రాసుకున్న నల్లటి ముఖంతో అమ్మ, ఎవర్నో కసురుతూ నవ్వుతోంది.

"అమ్మా," అంది అక్క, ఎదురుగా ఉన్న మనిషిని పిలిచినట్టు. నాకు కాసేపు తెర కనబడలేదు.

ఇంటికి తెచ్చి పెట్టగానే పాప ముందుకొచ్చి నిలబడింది. అవ్వ చెంప పక్కన తన చెయ్యి ఆనించి చూసింది. ఒకసారి చాలక, చెయ్యి తిప్పి మళ్లీ చూసింది. తర్వాత ఇల్లంతా వినబడేట్టు కేక పెట్టింది.

"మామా, అవ్వకు నా రంగే వచ్చింది!"