నీలం మచ్చ పడని దూలం

నాకు అనుమానం ఎక్కువ. గొప్ప కోసం చెప్పడం లేదు. ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నొచ్చుకోరని చెబుతున్నాను. ఆన్‌లైన్‌లో పార్సిల్ వస్తే ఫోనులో వీడియో తీస్తూ తప్ప విప్పను. పాలవాడు రెండు రోజులు వరసగా నవ్వుతూ పలకరిస్తే మూడో రోజు పాలు వేలితో ముట్టి చూస్తాను. పెళ్ళిచూపులకు వచ్చిన వాళ్ళను నేనే ఎక్కువ ప్రశ్నలు వేసి పంపేశానని అమ్మ బతికున్నంత కాలం సణిగేది.

పని కూడా నా గుణానికి తగినదే దొరికింది. కారేపల్లి నుంచి రోజూ ఖమ్మం వెళ్ళి ఒక డెంటల్ ల్యాబులో కట్టుడు పళ్ళు తయారు చేస్తాను. డాక్టర్లు పంపే అచ్చులను నమ్మడానికి వీల్లేదు. మనిషి నోరు కదిపి ఉంటాడు, అచ్చు సాగి ఉంటుంది, ప్లాస్టర్‌లో గాలి బుడగ ఉంటుంది. అర మిల్లీమీటరు ఎత్తయినా ఆ మనిషి అన్నం తినలేడు. కాబట్టి వచ్చిన ప్రతి అచ్చునూ దొంగను చూసినట్టు చూడటం ఇరవై ఏళ్ళుగా నాకు అలవాటు.

ఆ ల్యాబులో మిగిలిన ముక్కలతోనే నా బొమ్మ రైలు మొదలైంది. పళ్ళకు కొక్కేలు చేసే స్టీలు తీగ, కట్టుడు చిగుళ్ళకు వాడే గులాబీ రంగు పొడి, ప్లాస్టర్, సన్నని ఆకురాళ్ళు. అసలు దానిలో ఎనభై ఏడో వంతు కొలత పెట్టుకుని, మా ఇంటి ముందు గదిలో రెండు బల్లలు కలిపి ఒక చిన్న స్టేషన్ కడుతున్నాను. పట్టాలు, నాలుగు వ్యాగన్లు హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర పాతవి కొన్నాను. స్టేషన్ మాత్రం నాదే. నా చిన్నప్పుడు నాయిన బండ్లను లైను మార్చే పాయింట్స్‌మన్‌గా పని చేసిన, అడవి అంచున ఉన్న చిన్న స్టేషన్ అది. అక్కడ ప్లాట్‌ఫారం వెనక ఒక పక్క లైను ఉండేది. అడవి నుంచి వచ్చిన వెదురును దాని మీద వ్యాగన్లలోకి ఎక్కించేవారు. ఆ లైను చివర బండి ముందుకు పోకుండా ఒక అడ్డం ఉండేది. రెండు పాత పట్టా ముక్కలను నిలువుగా పాతి, వాటికి అడ్డంగా పట్టాల కింద వేసే స్లీపర్ దూలం ఒకటి బిగించి, ఎరుపూ తెలుపూ చారలు వేసేవారు. రైల్వే వాళ్ళు దాన్ని డెడ్‌ఎండ్ అంటారు.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒక వెదురు వ్యాగన్ ఆ డెడ్‌ఎండ్‌ను విరగ్గొట్టి అవతల ఉన్న వాచ్‌మన్ గుడిసె మీదికి పోయింది. గుడిసెలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ వ్యాగన్‌ను లైను చివరికి చేర్చే పని ఆ రోజు నాయినది. బ్రేకు పిడి పట్టుకుని బండి పక్కనే నడిచాననీ, బండి మనిషి నడిచినంత మెల్లగానే వచ్చిందనీ నాయిన ఎంక్వైరీలో చెప్పాడు. వాళ్ళు నమ్మలేదు. మెల్లగా వస్తే డెడ్‌ఎండ్ ఆపేది, ఆపలేదు కాబట్టి వేగంగా వచ్చింది, వేగంగా వచ్చిందంటే బ్రేకు దగ్గర మనిషి లేడు అన్నారు. నాయినకు రావలసిన ప్రమోషన్ పోయింది. రెండేళ్ళు ఎక్కడో దూరం వేశారు. కల్లు తాగి చెట్టు కింద పడుకున్నాడని మా బడిలో పిల్లలు కూడా అన్నారు.

ఇక్కడ నేను దాచిన విషయం ఒకటుంది. ఆ రోజు సాయంత్రం నాయిన ఇంటికి వచ్చినప్పుడు నోట్లో లవంగాల వాసన గుప్పుమంది. కల్లు వాసన తెలియకుండా లవంగాలు నమిలాడని నేను ఆ వయసులోనే తేల్చేసుకున్నాను. పన్ను నొప్పికి లవంగం పెట్టుకుంటారని ఇప్పుడు నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఆ ఒక్క లవంగం మీద మాత్రం నా అనుమానం చావలేదు. నాయినతో ఎప్పుడూ అనలేదు. అనకుండానే ముప్పై ఏళ్ళు ఆయనకు అన్నం పెట్టాను, దవాఖానాకు తీసుకెళ్ళాను, పక్కన కూర్చుని చర్చిలో పాటలు పాడాను.

బొమ్మ స్టేషన్‌లో అన్నీ అయ్యాక డెడ్‌ఎండ్ మిగిలింది. ఫొటో చూసి ఉజ్జాయింపుగా చేయడం నాకు చేతకాదు. పక్క లైను మూసేసి చాలా ఏళ్ళయినా పాత డెడ్‌ఎండ్ తుప్పు పట్టి ఇంకా అక్కడే ఉందని తెలిసింది. నాయిన మోకాళ్ళు సహకరించవు. అందుకని ఆయన స్నేహితుడిని తోడు తీసుకెళ్ళాను. ఆయన అదే స్టేషన్‌లో పట్టాలు బాగుచేసే గ్యాంగుకు మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. నేను బాబాయి అని పిలుస్తాను. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే మా ఇంటికి వచ్చి నాయినతో టీ తాగి పోతాడు. కొలతలకు వస్తావా అంటే మొదట నడుము నొప్పి అన్నాడు, తర్వాత ఎండ అన్నాడు. రెండు సాకులు చెప్పిన మనిషి మూడోసారి తనే ఫోన్ చేసి పోదాం పద అన్నాడు. అది కూడా నాకు నచ్చలేదు.

టేపు తీయగానే మేకలు కాస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు దగ్గరికి వచ్చారు. వాళ్ళలో వాళ్ళు కోయ భాషలో ఏదో అనుకుని, ఒకామె తెలుగులో సర్వేకు వచ్చారా, మా చేలల్లోంచి కొత్త లైను పోతుందా అని నిలదీసింది. ఆ పక్క టేపు పట్టుకున్న వాళ్ళెవరూ మంచి కబురు తేలేదు, ఆమె భయం ఆమెది. బొమ్మ కోసం కొలుస్తున్నామంటే అస్సలు నమ్మలేదు. కొలిచినంతసేపూ నిలబడి చూసింది. నాలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారని నాకు కొంచెం సంతోషమేసింది.

బాబాయి వంగి టేపు కొసను నిలువు పట్టా మొదట్లో నేలకు ఆనించి పట్టుకున్నాడు. నేను పై కొస చూశాను. దూలం నడిమికి మూడున్నర అడుగుల మీద ఒకటిన్నర అంగుళం. దూలానికి తగలవలసిన, వ్యాగన్ ముందుండే గుండ్రటి బఫర్లు ఎంత ఎత్తున ఉంటాయో నేను ముందే చూసి పెట్టుకున్నాను, సరిగ్గా అదే లెక్క. లెక్క కుదిరిందంటే నా లాంటి దానికి కూడా నోరు మూతపడుతుంది. ఇంకేమీ అడగకుండా రాసుకుని వచ్చేశాను.

వారం రోజులు కూర్చుని చేశాను. మిగిలిన బొమ్మ పట్టాను ముక్కలు కోసి, కొక్కేల శ్రావణంతో వంచి నిలువులు చేశాను. ఐస్‌క్రీం పుల్లను చెక్కి దూలం చేసి, మైనం కత్తి కొసతో చెక్క గీతలు గీశాను. బోల్టు తలలకు కుంచె కొసతో గులాబీ పొడి చుక్కలు పెట్టి రంగు వేశాను. తుప్పుకు గోధుమ రంగు పొడిని వేలితో అద్దాను. ఎనభై ఏడో వంతుకు దూలం నడిమి పన్నెండున్నర మిల్లీమీటర్లు దాటి కాస్త రావాలి. వచ్చింది. నేల మీది నుంచి కొలిచిందే కాబట్టి బల్ల మీది నుంచి కొలిచి నిలబెట్టాను.

పై దవడ పళ్ళు కింది పళ్ళకు ఎక్కడ తగులుతున్నాయో చూడటానికి మా ల్యాబులో ఒక నీలం కాగితం ఉంటుంది. మధ్యలో పెట్టి కరిపిస్తే తగిలిన చోట నీలం మచ్చ పడుతుంది. దూలానికీ వ్యాగన్ బఫర్లకూ మధ్య ఆ కాగితం పెట్టి, వ్యాగన్‌ను వేలితో మెల్లగా తోశాను. దూలం మీద మచ్చ పడలేదు. బఫర్లు దూలం పైనుంచి దాటిపోయాయి, ముందు చక్రాలు వచ్చి పుల్లను తన్నాయి. పుల్ల ఊడి బల్ల మీద పడింది.

అయిదు మిల్లీమీటర్ల తేడా. నా పనిలో అయిదు మిల్లీమీటర్లంటే నోరు మూతపడని పళ్ళ సెట్టు. మొదట హైదరాబాద్ ఆయనను అనుమానించాను, వ్యాగన్ కొలిస్తే అది సరిగ్గానే ఉంది. నా చేతిని అనుమానించాను, అదీ సరిగ్గానే చేసింది. అప్పుడు బల్లకు కన్ను ఆనించి పక్క నుంచి చూశాను. ఫొటోలో ఉన్నట్టే నేను పట్టాల కింద కంకర ఎత్తుగా పోశాను. పట్టాలు కంకర మీద ఉన్నాయి, డెడ్‌ఎండ్ నేల మీద ఉంది. బండి నడిచేది నేల మీద కాదు కదా.

నాయినను మామూలుగా అడిగినట్టు అడిగాను, లైను మీద ఎత్తులు ఎక్కడి నుంచి కొలుస్తారని. పేపరులోంచి తల ఎత్తకుండానే, పట్టా మీది నుంచే కొలుస్తారు, గ్యాంగులో చేరిన మొదటి రోజు నేర్పేది అదే అన్నాడు.  నలభై ఏళ్ళు పట్టా మీది నుంచి కొలిచిన మేస్త్రీ ఆ రోజు టేపును నేలకు ఎందుకు ఆనించాడు?

మరుసటి సెలవు రోజు ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే బస్సెక్కి పోయాను. స్కేలును పట్టా మీద నిలబెట్టి కొలిచాను. దూలం ఉండవలసిన దానికంటే దాదాపు మూరెడు కిందికి ఉంది. మేకలామె మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె ఏమీ అడగలేదు, నేను కళ్ళు తుడుచుకోవడం చూసి పక్కకు పోయింది.

ఆదివారం బాబాయి వచ్చాడు. నాయిన ఇంకా చర్చి దగ్గర పాస్టర్‌తో మాట్లాడుతున్నాడు. టీ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"బాబాయీ, ఆ దినం టేపు నేలకెందుకు పెట్టినవ్?"

ఆయన గ్లాసు చేతుల్లో తిప్పాడు. బొమ్మ స్టేషన్ వైపు చూడలేదు.

"లైను ఎత్తింది మేమే బిడ్డా," అన్నాడు. "ఏటేటా వానలకు ముందుగాల కంకర కొట్టి ఎత్తినం. డెడ్‌ఎండ్ ఎత్తాలని ఎవ్వలికీ యాదికి రాలె. విరిగినంక గూడ పాత బొక్కలల్లనే కొత్త దూలం బిగించినం, పైకి బిగిస్తే సంగతి బయట పడుతదని. ఎంక్వైరీల నోరు విప్పితే గ్యాంగు మొత్తం పోయేది. అండ్ల ముగ్గురు అప్పుడప్పుడే పర్మినెంట్ అయిన్రు."

"నాయినకు ఎర్కనా గిది?"

"అవ్. ఆ పొద్దే చూసిండు. చెప్పొద్దని మీ నాయిననే అన్నడు నాకు."

టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే పెద్దగా ఇంకేదో లోపల పొంగుతోంది. నాయిన అబద్ధం చెప్పలేదు. బండి నడిచినంత మెల్లగానే వచ్చింది. ఆయన దాని పక్కనే నడిచాడు. ఎంత మెల్లగా వచ్చినా ఆ దూలం దాన్ని ఆపేది కాదు. నాయినకు తెలిసిన సంగతే అయినా, దాన్ని నేను కొలిచి కనిపెట్టానని చెప్పాలి, వెంటనే చెప్పాలి. చర్చి నుంచి ఆయన వచ్చేలోపు దూలాన్ని మళ్ళీ అదే తక్కువ ఎత్తుకు అతికించాను.

నాయిన చెప్పులు విప్పి లోపలికి రాగానే కుర్చీ లాగి బల్ల ముందు కూర్చోబెట్టాను. నీలం కాగితం పెట్టాను. వ్యాగన్‌ను చిటికెన వేలితో తోశాను, చీమ నడిచినంత మెల్లగా. బఫర్లు దూలం పైనుంచి దాటాయి. చక్రాలు తగిలాయి. పుల్ల ఊడింది. కాగితం తీసి దూలం మీద ఎక్కడా మచ్చ పడలేదని చూపించాను. మూరెడు తేడా గురించీ, కంకర గురించీ గబగబా చెప్పేశాను. పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లలా ఆయన ముఖంలోకి చూశాను.

నాయిన ఊడిన పుల్లను వేళ్ళతో తీసి కాసేపు చూశాడు. బోల్టు తలలను గోటితో తడిమాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు.

"కొలిచినంక నమ్మినవా బిడ్డా?"

 ఆఫీసర్లు నమ్మలేదు, ఊరు నమ్మలేదు. ఇంట్లో ఒక్కతి నమ్ముతోందని ఆయన ఇన్నేళ్ళూ అనుకున్నాడు. నేను రుజువు తెచ్చి చూపించాక గానీ ఆయనకు తెలియలేదు, ఇంట్లో ఆ ఒక్కతి కూడా లేదని. సిగ్గుతో నా తల దిగిపోయింది. అంత సిగ్గు నాకు జీవితంలో ఇంకెప్పుడూ వేయలేదు.

ఆయన ఏడవలేదు, కోప్పడలేదు. పుల్లను నా చేతిలో పెట్టాడు.

"దూలం పైకి జరుపు. బండి ఆగాలె," అన్నాడు.

జిగురు సీసా తెచ్చాను. పక్కన వంగినప్పుడు ఆయన నోటి నుంచి లవంగం వాసన వచ్చింది. కింది దవడలో మిగిలిన ఒక్క దంతం చలికాలంలో సలుపుతుంది, ఇప్పటికీ బుగ్గన లవంగం పెట్టుకుంటాడు. ఆ రోజు కూడా పన్ను నొప్పేనా అని నోటిదాకా వచ్చింది.

అడగలేదు. స్కేలు తీసి నాయిన చేతికిచ్చాను. ఆయన దాన్ని పట్టా మీద ఆనించి, కదలకుండా పట్టుకున్నాడు.