మరిది కారుకెక్కిన టైర్లు

మా ఆయనా, మా మరిదీ ఒకే నెలలో ఒకే మోడల్ కారు కొన్నారు. మాది తెలుపు, వాళ్లది బూడిద రంగు. అన్నదమ్ములిద్దరూ బేరం కలిసి ఆడారు కాబట్టి షోరూం వాడు సీట్ కవర్లు ఊరికే ఇచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత మా ఆయనకి అండమాన్‌లోనే ఉత్తరాన ఉన్న మాయాబందర్‌కి బదిలీ అయ్యింది. తుష్నాబాద్‌లో ఇల్లు, పోర్ట్ బ్లెయిర్‌లో నా స్కూలు, మధ్యలో కొండదారి. అలా కారు నాదైపోయింది.

ఆ వానాకాలం మొదట్లో ఓ పొద్దున దిగుడులో ఆవు అడ్డమొస్తే బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. నెమ్మదిగా, పట్టించుకోనట్టు పక్కకి జారి, వక్కచెట్ల పక్కనున్న మట్టిగట్టుకి ఆనుకుంది. ఆవు నాకేసి చూసి వెళ్లిపోయింది. దిగి చూస్తే ముందు టైర్లు నా అరచెయ్యంత నున్నగా ఉన్నాయి.

కారుతో వచ్చిన కంపెనీ టైర్లవి. వాటి మీద నాకు నమ్మకం. ఎన్ని వానలు కురిసినా అంతవరకూ ఒక్కసారి కూడా జారలేదు. మళ్లీ అవే వెయ్యాలనుకున్నాను. పోర్ట్ బ్లెయిర్‌లోనే, బతు బస్తీలో మేమెప్పుడూ వెళ్లే టైర్ల షాపుంది. ఓనరు మలయాళీ, పుట్టింది ఇక్కడే, అందరితో హిందీయే.

"దీదీ, ఆ కంపెనీ మాల్ అయిపోయింది. షిప్‌లో వస్తుంది. రాగానే మీకే ఫోన్ కొడతాను," అన్నాడు.

సరే అని, అంతవరకూ స్కూటీ మీద వెళ్దామనుకున్నాను. రెయిన్‌కోటు వేసుకున్నా లోపలంతా తడిసేది. పిల్లల పరీక్ష పేపర్లు పాలిథిన్ సంచిలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకునేదాన్ని. ఆ ఆదివారం బతు బస్తీలో మా తోడికోడలింటికి భోజనానికి వెళ్లినప్పుడు మాటల్లో అన్నాను, టైర్లు షిప్‌లో వస్తున్నాయట, అందాకా ఈ తిప్పలు అని. ఆమె చేపల పులుసు వడ్డిస్తూ, "అయ్యో అక్కా," అంది. మరిది తలెత్తకుండా ముల్లు తీసుకుంటున్నాడు.

ఎదురుచూసి విసుగొచ్చి నేనే షాపుకెళ్లాను. ఓనరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"దీదీ, కోపం చెయ్యొద్దు. ఒక్క సెట్టే వచ్చింది. మీ మరిదిగారు వచ్చారు. ఇంటివాళ్లే కదా, దీదీకే అనుకుని ఇచ్చేశాను."

"నాకెవరూ తేలేదు భయ్యా."

"తెలుసు. సాయంత్రం ఆయన కారే తెచ్చారు బిగించమని."

ఒళ్లు మండింది. మరిది కాంట్రాక్టు పనులు చేస్తాడు. సామాను కోసం షిప్పులో, జెట్టీలో అందరూ తెలిసినవాళ్లే. కావాలంటే చెన్నై నుంచి తెప్పించుకోగలడు. పైగా ఆయన కారు తిరిగేది ఊళ్లోనే. కానీ నిజం చెప్పాలంటే నా మంట ఆయన మీద కాదు, మా తోడికోడలి మీద. నేను అన్నం తింటూ అన్న మాట పట్టుకుని మొగుణ్ణి ఉసిగొల్పిందని నిశ్చయించేసుకున్నాను. మొదట్నుంచీ అంతే. నేను ఫ్రిజ్ కొనాలనుకుంటే వాళ్లింట్లో అంతకన్నా పెద్దది. మొగుడు ఇంట్లోనే, కోరిందల్లా గుమ్మం ముందుకే. నాకేమో మొగుడు ఫోన్లో.

ఆ ఫోనే చేశాను. మాయాబందర్‌లో సిగ్నల్ తెగుతూ, "వాడు తెలీక తీసుకునుంటాడు. ఏవో ఒకటి వేయించేసెయ్యి," అన్నాడు.

ఏవో ఒకటట.

షాపులో స్టూలు మీద కూర్చున్నాను. "ఉన్నవి చూపించు భయ్యా," అన్నాను. మా కారు సైజులో మూడు రకాలు దొర్లించుకొచ్చాడు. ఒకటి గట్టిది, రాళ్లరోడ్డుకి బాగుంటుంది, కానీ మోత ఎక్కువ. ఇంకోటి మెత్తటి రబ్బరు, వానలో పట్టు బాగుంటుంది, త్వరగా అరుగుతుంది. మూడోది పేరున్న కంపెనీది, మెరుస్తోంది. దాని మీదకే నా చెయ్యి వెళ్లింది, మరిది కారు పక్కన పెడితే తీసిపోకూడదని. టైరు పక్క భాగం మీద తయారైన వారం, సంవత్సరం అచ్చేసి ఉంటాయి కదా, అవి చూశాను. చాలా పాతది. గోడౌన్‌లో ఎన్నేళ్లు పడుందో.

"ఇది వద్దు. వానలో, దిగుడులో బ్రేకు కొడితే ఈ రెంటిలో ఏది ఆగుతుంది?"

"మెత్తదే దీదీ. కానీ రెండేళ్లు ముందే మార్చాలి. తర్వాత నన్ను తిట్టొద్దు."

నేను వెళ్లే దారి మట్టి కాదు, తారే. ఏడాదిలో సగానికి పైగా వానే. పేరు వినని కంపెనీ అయినా మెత్తటివాటినే, తేదీ కొత్తగా ఉన్నవి నాలుగూ ఏరి పక్కన పెట్టించాను. బిగించాక అలైన్‌మెంట్ కూడా నిలబడి చేయించుకున్నాను. తిరిగొస్తుంటే కారు బాగానే నడిచింది. మనసే కుదుటపడలేదు. బాగుందని ఒప్పుకోవడానికి కూడా ఇష్టం లేకపోయింది.

తర్వాతి ఆదివారం వాళ్లింటికి వెళ్లక తప్పలేదు, అత్తగారి తద్దినం. కారు వాళ్ల కారు పక్కనే పెట్టాల్సొచ్చింది. కొత్త టైర్లకి సన్నటి రబ్బరు వెంట్రుకలుంటాయి చూడండి, వాళ్ల కారుకి అవి ఇంకా ఊడలేదు. ఊరు దాటితే కదా ఊడడానికి! వంగి ఒక వెంట్రుక గోటితో పట్టుకుని లాగాను. తెగింది. ఇంకోటి లాగుతుండగా వెనక నుంచి, "ఏం చూస్తన్నావక్కా?" అంది మా తోడికోడలు.

దొరికిపోయాను. దొరికాక దాచడం దేనికని, "నేను చెప్పిపెట్టుకున్న టైర్లు ఎలా ఉన్నాయో చూస్తున్నాను," అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. "నువ్వు చెప్పిపెట్టుకున్నవా? ఇవా?" అంది. నేను జరిగిందంతా చెప్పాను, కాస్త కటువుగానే. ఆమె మొహం ఎర్రబడింది.

"నాకసలు టైర్లు మార్చారనే తెలీదక్కా. ఆ కారు గురించి నన్నెవరు అడుగుతారు? కూర్చోమంటే కూర్చుంటాను, దిగమంటే దిగుతాను." కొంగుతో చెయ్యి తుడుచుకుని మళ్లీ అంది. "షాపాయన ఈయనతో చెప్పాడంట, దీదీ స్టూలేసుకు కూర్చుని తేదీలు చూసి మరీ ఏరిందని. ఈయన నాకు చెప్పి నవ్వాడు. నాకైతే నవ్వు రాలేదు. నిజంగా కుళ్లొచ్చింది. నీకు నచ్చింది నువ్వు ఏరుకుంటావు, నీ కారు నువ్వు నడుపుకుంటావు."

నన్ను చూసి ఎవరైనా కుళ్లుకోగలరని నాకెప్పుడూ తట్టలేదు. వానలో తడిసి, చాక్‌పీస్ చేతుల్తో, అన్నీ ఒక్కదాన్నే చూసుకుంటూ తిరిగే నన్ను చూసి! లోపల ఎక్కడో కాస్త చల్లబడింది. అంతలోనే, ఆమె మీద కోపానికి కారణం లేకుండా పోయిందే అని చిరాకు కూడా వేసింది.

"నేర్చుకుంటావా?" అన్నాను.

"నీ కారు మీదా?"

"మరి ఆయనిస్తాడా?"

భోజనాలప్పుడు మరిది దగ్గర టైర్ల మాట నేనే ఎత్తాను. "అరె వదినా, నీ కోసం పెట్టినవని వాడు చెప్పలేదే!" అన్నాడు. వాడు చెప్పాడో లేదో, ఈయన వినలేదో, తేల్చలేదు. నేనూ వదిలేశాను.

ఆదివారాలు ఆమె బస్సెక్కి తుష్నాబాద్ వచ్చేది. పొలాల పక్క రోడ్డు మీద స్టీరింగ్ ఇచ్చేదాన్ని. మొదట్లో ఆమె క్లచ్చు ఒక్కసారిగా వదిలేస్తే కారు ఎగిరిపడేది, ఇద్దరం నవ్వేవాళ్లం. కానీ ఆమెకి చెయ్యి తొందరగా తిరిగింది. ఎత్తు మీద కారు ఆపి మళ్లీ కదిలించడం నాకు ఏడాది పట్టింది, ఆమెకి వర్షాలు తగ్గకముందే వచ్చేసింది. ఓ రోజు జోరువానలో వంపు తిరుగుతుంటే ఎదురుగా మేకలు. నేను సీటు పట్టుకున్నాను. ఆమె తొణక్కుండా బ్రేకు వేసింది. కారు గీత గీసినట్టు ఆగింది.

"మంచి టైర్లు తీసుకున్నావక్కా," అంది.

టైర్లు మంచివే. బ్రేకు వేసిన తీరు కూడా మంచిదే అని నేను అనాలి. అనలేదు. "మేకలు దాటాక సెకండ్ గేరులో వెళ్లు," అన్నాను. ఆమె అప్పటికే గేరు మార్చేసింది.

ఆమెకి లైసెన్స్ వచ్చిన వారానికి మరిది తాళం చెవి ఇచ్చాడు. మా ఆయన సెలవు మీద వచ్చిన రోజది. బూడిద రంగు కారు వేసుకుని ఒక్కతే తుష్నాబాద్ వచ్చింది. మా వాకిలి ఇరుకు, ఓ పక్క గట్టు, ఓ పక్క కాలవ. ఆమె అద్దంలో చూసుకుంటూ వెనక్కి తిప్పి, ఒక్క పట్టున మా కారు పక్కన పెట్టేసింది.

"నీకన్నా బాగా పెట్టిందే," అన్నాడు మా ఆయన, మెచ్చుకోలుగా.

నేను ఇప్పటికీ రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడితేగానీ అక్కడ పెట్టలేను. "నేర్పింది ఎవరు మరి?" అని, టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయాను.