వచ్చిన గుమ్మం

కెనడా రావడానికి కావలసిన పాయింట్లన్నీ మా ఆవిడవి. ఆవిడ నర్సు. నేను తొమ్మిదో తరగతి తప్పి బడి మానేసినవాణ్ణి; ఆవిడ సామాన్లలో తూకం వెయ్యకుండా వదిలేసిన పెట్టెలాగా వచ్చాను. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు నీకేం పని వచ్చని అడిగితే, ఆవిడ వెనకాల నడవడం వచ్చన్నాను. మా ఆవిడ అది ఇంగ్లీషులో చెప్పలేదు. అందుకే లోపలికి రానిచ్చారు.

ఇప్పుడు నాకో బండి ఉంది. గ్వెల్ఫ్‌లో చదువుకునే మన పిల్లల్ని పొద్దున్నే ఎక్కించుకుని, మేముండే వాన్ అనే ఊళ్ళోని వేర్‌హౌస్‌ల దగ్గర దింపుతాను. షిఫ్టు అయ్యాక వెనక్కి. అక్కడి పనులకి మనుషుల్ని కుదిర్చే ఏజెన్సీవాళ్ళు నాకు తలకింతని ఇస్తారు, కొత్తవాళ్ళని తెస్తే ఇంకాస్త. పిల్లలు అంకుల్ అంటారు. నా జోకులకి నవ్వినవాడికి కిటికీ పక్క సీటు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. మా తాతకి తాత తద్దినం నాడు, మాఘమాసంలో, బయటివాళ్ళని పిలిచి అన్నం పెడతాం. చుట్టాల్ని కాదు, ముక్కూమొహం తెలియనివాళ్ళని. విస్తరి ముందు కూర్చున్నవాడు ముద్ద ముట్టేలోపు తన పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పాలి. ఇంటిపెద్ద వాటిని గట్టిగా తిరిగి పలకాలి. అప్పుడే నెయ్యి వడ్డిస్తారు. తిన్నాక వచ్చిన గుమ్మంలోంచి పోకూడదు, పెరటి గుమ్మంలోంచే పోవాలి. ఎందుకని అడిగితే మా నాన్న, పెద్దలు పెట్టింది అనేవాడు, అంతే.

కరువులో ఊళ్ళకి ఊళ్ళు ఎండిపోతుంటే ఆ మహానుభావుడు గాడిపొయ్యి తవ్వించి వచ్చినవాడికల్లా గంజి పోశాడని మావాళ్ళు చెప్పుకుంటారు. తాత పేరు మనవడికి పెట్టడం మా పద్ధతి. ఆయన పేరు అలా ఒక తరం విడిచి ఒక తరానికి దిగుతూ మా తాతకొచ్చింది, తర్వాత నాకొచ్చింది. చదువు అబ్బకపోయినా పేరు మాత్రం పెద్దమనిషిదని గొప్పలు పోయేవాణ్ణి.

ఇక్కడ మాఘమాసమంటే పెరట్లో మోకాలి లోతు మంచు. కాబట్టి పెరటి గుమ్మం బదులు గరాజ్. బళ్ళో ఎక్కే పిల్లలే ఎక్కువగా భోజనానికొచ్చేవాళ్ళు. ముందు తలుపు దగ్గర విప్పిన షూస్ చేత్తో పట్టుకుని, చల్లటి గరాజ్ నేల మీద నా బండి పక్కనుంచి గెంతుకుంటూ పోతుంటే, నేను క్రికెట్ కామెంటరీ చెప్పేవాణ్ణి.

నా చిన్నప్పుడు ఊళ్ళో మాత్రం ఒక ముసలాయన అలా పోలేదు. విస్తరి ముందు కూర్చున్నాడు. పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. నెయ్యి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా తాత మీ ఇంటికి అన్నానికొచ్చాడంట బాబూ. ఇంకా ఇంటికి రాలేదు."

పిచ్చివాడన్నారు. ఆయన లేచి పెరటివైపు తిరగనైనా తిరగలేదు. మా మొహాలు చూస్తూ, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వీధి గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. ఆ రోజు మా నాన్నమ్మ అన్నం ముట్టలేదు. నేను ఆ నడక నేర్చుకుని ఎన్నో పెళ్ళిళ్ళలో చేసి చూపించి నవ్వించాను.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వాల్సొచ్చిందంటే, మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ఒక్కతే కూతురు. పుట్టబోయేది మగపిల్లాడని స్కాన్‌లో చెప్పారు. వాడికి నా పేరు పెట్టమని అడిగాను. ఇవ్వడానికి నా దగ్గర ఇంకేముంది? అది ఓకే అంది, కానీ ఆ మొదటాయన ఎవరో తెలియాలంది. కథ వద్దట, రికార్డ్ కావాలట. తద్దినంలోపు తేలిస్తే పెడతానంది.

మా ఊరివైపు నుంచి ఓడల్లో దూరదేశాల చెరకుతోటలకి వెళ్ళిన కూలీల రిజిస్టర్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయని తెలిసింది. కరువులో గంజి పోసిన మనిషి తర్వాత తనే ఓడెక్కి ఉంటాడని నా లెక్క. తెల్లవాళ్ళ గొలుసుకట్టు రాత నాకు చదవడం రాదు. మా అమ్మాయి మా ఇంటిపేరూ, ఆయన పేరూ, ఊరూ ఆ మోస్తరు రాతలో ఒక చీటీ మీద రాసిచ్చింది. అక్షరాలు చదవకుండా, ఆ బొమ్మని పట్టుకుని, బియ్యంలో రాళ్ళేరినట్టు పేజీలు ఏరాను.

దొరికాడు. కింది వరసలో మళ్ళీ దొరికాడు. తర్వాతి పేజీలో ఉన్నాడు. ఇంకో ఓడలో ఉన్నాడు. మా పెద్దాయన టికెట్టు లేకుండా ఎక్కడం, దింపేస్తే మళ్ళీ ఎక్కడం, అచ్చం నా పోలికేనని ఇంట్లో అందరినీ నవ్వించాను. కానీ రానురాను ఆ బొమ్మ కనిపించినప్పుడల్లా గబగబా పేజీ తిప్పేసేవాణ్ణి. ఎప్పుడూ అదే చోట, వరస చివర. ఏ పేజీ తెరిచినా నాకంటే ముందే వచ్చి, అంచున నిలబడి చూస్తున్నట్టు.

నార్త్ యార్క్‌లో రిటైరైన ప్రొఫెసర్ గారొకరున్నారు. పాత రాతలు చదవగలరు. పేజీలు ప్రింట్ తీయించి పట్టుకెళ్ళాను. ఆయన కాఫీ పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో వరసా తెలుగులో చదవడం మొదలుపెట్టారు. పేరు. తండ్రి పేరు. ఊరు. మళ్ళీ పేరు. తండ్రి పేరు. ఊరు.

కాసేపటికి ఆపి నావైపు చూశారు. "మీరెందుకండీ నేను చెప్పిందల్లా తిరిగి పలుకుతున్నారు?"

నేను పలుకుతున్నానని నాకు తెలియలేదు. అలవాటండీ అన్నాను.

ఆయన వేలు వరస చివరికి జరిపారు. "మీ పెద్దాయన ఓడెక్కలేదండీ. ఈ గడిలో ఉన్నది ఎక్కించినవాడి పేరు."

తర్వాతి కాగితం, అందులోనూ ఆ బొమ్మ ఉందని నేను తీయించింది, ఎవరో తనిఖీకొచ్చిన దొర రాసిన రిపోర్టు. ఆయన నెమ్మదిగా చెప్పుకుపోయారు. రేవు దగ్గర మా పెద్దాయన షెడ్డు ఉండేదట. వీధివైపు గేటులోంచి ఆకలిమీద ఉన్నవాళ్ళు వచ్చేవాళ్ళట. వివరాలు చెప్పినవాళ్ళకి గంజి పోసేవాళ్ళట. తిన్నవాళ్ళు సముద్రంవైపు గేటులోంచి పోవాల్సిందేనట. వచ్చిన గేటులోంచి తిరిగిపోయినవాణ్ణి చూడలేదని దొర రాశాడు.

ఒక పేజీలో నేను విన్న ఊరు తగిలింది. ఆ ముసలాయన చెప్పిన ఊరే. ఆ ఊరివాళ్ళు వరసగా ఉన్నారు. వీళ్ళలో ఎవరైనా వెనక్కొచ్చారా అని అడిగాను. దానికి వేరే గడి ఉందని చూపించారు ప్రొఫెసర్ గారు. అది ఆ వరసలన్నిటికీ ఖాళీగా ఉంది.

తిరిగొస్తూ హైవే మీద అద్దంలోకి చూడకుండా డ్రైవ్ చేశాను. వెనక సీట్లన్నీ ఖాళీ అని నాకు తెలుసు. తెలిసినా చూడలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఈ తద్దినం భోజనాలు ఎవరో చేసిన తప్పు కడుక్కోవడానికి మొదలుపెట్టారా, లేక పని ఆగిపోయాక చేతులకి మిగిలిన అలవాటా అని అడిగింది. నాన్నమ్మకి తెలిసే ఉండాలి. అడగడానికి ఆవిడ లేదు.

తద్దినం వచ్చింది. మానేద్దామనుకున్నాను, కానీ పిల్లల్ని ముందే పిలిచేశాను. అడగకుండా పెడదాం, వచ్చిన దారినే పంపిద్దాం అనుకున్నాను. అందరూ కూర్చోగానే నెయ్యి నేనే ముందు వడ్డించాను. ఎవరి పేరూ అడగలేదు. అయినా చివర కూర్చున్న కొత్త పిల్లాడు గొంతు సవరించుకున్నాడు. పాతవాళ్ళు వాడికి చెప్పి తీసుకొచ్చినట్టున్నారు. వాడు తన పేరు, వాళ్ళ నాన్న పేరు, ఊరు చెప్పి, నేను తిరిగి పలుకుతానని నా మొహంకేసి చూశాడు. నేను పళ్ళు బిగించుకున్నాను. పాతవాళ్ళలో ఒకడు, అంకుల్ మూడ్‌లో లేడని, నా బదులు వాడే గట్టిగా పలికాడు. అందరూ నవ్వారు.

భోజనాలయ్యాక పిల్లలు షూస్ తీసుకుని గరాజ్‌వైపు బయల్దేరారు. నేను అడ్డం నిలబడి ముందు తలుపు తెరిచాను. చలిగాలి కొట్టింది. ఈ ఏడాది నుంచి రూలు మారిందన్నాను. హమ్మయ్య, కాళ్ళు బతికాయన్నాడొకడు.

వాళ్ళు మెట్లు దిగుతుండగా మా అమ్మాయి దగ్గరికెళ్ళి, సోఫాలో పక్కన కూర్చుని, ఆ పేరు వద్దులేమ్మా, నాతోనే ఆగిపోనీ అన్నాను. అది నా చెయ్యి పట్టుకుంది. గుండె మీంచి బండరాయి దింపినట్టయింది.

అప్పుడే ఆ కొత్త పిల్లాడు ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ తలుపు దగ్గరికొచ్చాడు. వేర్‌హౌస్‌లో ఏమన్నా పని ఉంటుందా అంకుల్ అని మొహమాటంగా అడిగాడు. లేకేం, కడుపు నిండిందిగా, సోమవారం పొద్దున రెడీగా ఉండండి, వచ్చి ఎక్కించుకుంటాను, వివరాలు మెసేజ్ పెట్టండి అన్నాను. వాళ్ళు దండం పెట్టి వెళ్ళారు.

తలుపేసి వెనక్కి తిరిగాను. మా అమ్మాయి కడుపు మీద చెయ్యేసుకుని నన్నే చూస్తోంది. ఎప్పుడూ ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, ఆ పూట తెలుగులో అంది.

"పేరు ఆపేశావు, గుమ్మం మార్చేశావు. మరి సోమవారం వచ్చే బండి ఎవరిది నాన్నా?"